మరక పడని జబ్బు

కుట్టుమిషన్ల వీధి, మేడమీది వాటా
ఎండలు మొదలైన వారం

వదినగారికి,

నన్నందరూ బాయిలరమ్మ అంటారు. పెట్టిన పేరొకటి ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. వయసు డెబ్బై ఒకటి. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉడకేశాను. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, నా కూతురు, నా అల్లుడు, అంటే మీ కొడుకు. నాకు చదువు రాదు. ఈ ఉత్తరం కింది వాటాలో ఉండే టైలరమ్మ చేత రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం. అందరం క్షేమమని రాయొద్దన్నాను. క్షేమంగా లేం.

ఫోన్ చేస్తే మీరు వినపడటం లేదంటూ పెట్టేస్తున్నారు. కాగితాన్ని అలా పెట్టేయడం కుదరదు గనక ఇలా వచ్చాను.

నా ఫిర్యాదు ఇది. పోయిన వారం మీరు నా కూతురికి ఫోన్ చేసి, "నువ్వు పెట్టే కారానికే వాడి కడుపులో పుండు పడింది" అన్నారు. అది పొద్దున ఆరింటికల్లా బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్ళి, సాయంత్రం దాకా నిలబడి ప్యాకింగ్ చేసి వచ్చే మనిషి. ఈ ఇంట్లో వంట నాది. కారం వేసినా నేనే, ఉప్పు వేసినా నేనే. తిట్టాలంటే నన్ను తిట్టండి. తిరిగి తిడతానని భయమైతే అది వేరే సంగతి.

(ఈ ఆఖరి మాట తీసేద్దామన్నాను. ఒప్పుకోలేదు. — టైలరమ్మ)

అసలు జరిగింది వినండి. కళ్ళజోళ్ళ షాపులో చక్రం ముందు వంగి కూర్చుని పొద్దంతా అద్దాలు అరగదీస్తాడు కదా, మెడ నొప్పనీ తలనొప్పనీ ఖాళీ కడుపు మీద మాత్రలు మింగేవాడు. వద్దంటే నవ్వేవాడు. నెల కిందట ఉతకడానికి దుప్పట్లు తీస్తుంటే అతని దుప్పటి అంచున నల్లటి మరక కనపడింది. షాపులో నూనె అంటుకుందన్నాడు. నూనె మరక నాకు తెలీదా? మనిషి ఒంట్లోంచి ఏది కారినా గుడ్డ మీద చూసి అది ఏ వార్డుదో చెప్పినదాన్ని. కడుపులో కారిన రక్తం కిందికొచ్చేసరికి ఎర్రగా ఉండదు, తారులా ఉంటుంది. చొక్కా కూడా మార్చుకోనివ్వకుండా బండెక్కించాను. గొట్టం వేసి చూసి అల్సర్ అన్నారు. రక్తం ఎక్కించారు. ఇంకో రోజు ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరమ్మ నా కూతురితో అంది. కారం వల్ల కాదని కూడా అంది. లోపల క్రిమి ఏదో ఉందట. అది కొంత, ఆ నొప్పి మాత్రలు కొంత.

కాబట్టి నా కూతురి మీద వేసిన మాట మీరు వెనక్కి తీసుకోవాలి. రాతలో తీసుకోవాలి.

ఇంకొకటి. "మీ నాన్నగారు ఎలా పోయారు?" అని డాక్టరమ్మ అడిగితే అల్లుడు "కడుపునొప్పి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏం నొప్పి, ఎన్నాళ్ళున్నది, మీరైనా రాయండి. వాళ్ళకి పనికొస్తుంది.

సోడా నీళ్ళలో నాని నా వేళ్ళ గీతలు ఎప్పుడో పోయాయి. ముద్ర వేస్తే మచ్చలా పడుతుంది. అందుకని సున్నా చుట్టి లోపల చుక్క పెడుతున్నాను.

బాయిలరమ్మ, తన గుర్తు

*

ఏటి అవతలి ఊరు, బడి వెనక ఇల్లు

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం చేరింది. టైలరమ్మగారి దస్తూరీ చక్కగా ఉంది. ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత పలకల మీద దిద్దించినదాన్ని కనుక నా కళ్ళు ముందు అక్షరాల మీదకే పోతాయి. విషయం రెండోసారి చదివితే గాని ఎక్కలేదు.

కోడలిని నిందించాలన్న ఉద్దేశం నాకు లేదు. కంగారులో అన్న మాట అది. తను నొచ్చుకుని ఉంటే నొచ్చుకోవద్దని చెప్పండి. మీరు సమయానికి ఆ మరక గుర్తుపట్టారు. నా బిడ్డను బతికించారు. దానికి ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మా అబ్బాయిది చిన్నప్పటి నుంచీ మెత్తటి కడుపు. పరీక్షల ముందు వాంతి చేసుకునేవాడు. కొత్త పంతులు వచ్చినా అంతే. వాళ్ళ నాన్నగారిది కూడా అదే తత్వం. ఆయన కడుపునొప్పితో రెండేళ్ళు బాధపడి పోయారు. అంతకంటే చెప్పడానికేమీ లేదు. వాడికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ ప్రస్తావన వాడి దగ్గర ఎక్కువగా తీసుకురాకండి, నీరసంగా ఉన్న మనిషి.

వేళకి పాలు ఇవ్వండి. కారం మాత్రం తగ్గించండి. మిమ్మల్ని తప్పుపట్టడం కాదు, జాగ్రత్త కోసం.

మీ వదిన

*

కుట్టుమిషన్ల వీధి
మొదటి వాన పడ్డాక

వదినగారికి,

నొచ్చుకోవద్దని చెప్పమన్నారు, చెప్పాను. నొచ్చుకోవడానికి దానికి తీరిక లేదు.

మొన్న మళ్ళీ గొట్టం వేసి చూశారు. పుండు పూర్తిగా మానిందట, క్రిమి చచ్చిందట. కూతురు బిస్కెట్ల ప్యాకెట్ తెచ్చి వీధిలో పంచింది. నేనూ ఒకటి తిన్నాను. అల్లుడు మాత్రం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, సాయంత్రానికి అది చేతిలోనే మెత్తబడింది.

పుండు మానిన మనిషి తినాలి కదా వదినగారూ. తినడు. పొద్దున ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చుంటాడు. నేను గిన్నెలు తోమి, నీళ్ళు పట్టి, మళ్ళీ వచ్చి చూస్తే ఆ మేజోడు ఇంకా చేతిలోనే. షాపుకి వెళ్ళిన రోజున ఒకరి కుడి అద్దం తీసి ఇంకొకరి ఫ్రేములో ఎడమవైపు బిగించాడు. పదిహేడేళ్ళలో మొదటిసారట. షాపు ఆయన మంచివాడు, పది రోజులు ఇంట్లో ఉండి రమ్మన్నాడు. ఆ పది రోజులు అయిపోయి ఇంకో పది గడిచాయి.

నేను ఊరుకోలేదు. లేవయ్యా అన్నాను. నీకంటే పెద్దదాన్ని, నాలుగో అంతస్తు దాకా నీళ్ళు మోశాను అన్నాను. "అవునండీ" అంటాడు. మీ కొడుకు ఎదురు తిరిగితే నాకు బలం వచ్చేది. ప్రతిదానికీ అవునండీ అంటే ఏం చేయను?

(అతను నా ఎదుటే ఉన్నాడు ఇది రాస్తుంటే. దీనికీ అవునండీ అన్నాడు. — టైలరమ్మ)

డాక్టరమ్మకి చెబితే వింత వింత ప్రశ్నలు అడిగింది. నిద్ర పడుతోందా, ఏ పని మీదైనా ఇష్టం ఉందా, బతకడం బరువనిపిస్తోందా అని. కడుపు డాక్టరుకి ఇవన్నీ దేనికి? అల్లుడు పైకప్పు చూస్తూ "కొంచెం" అన్నాడు. దేనికి కొంచెమో అర్థం కాలేదు నాకు. ఆవిడకి అర్థమైంది. వేరే గదికి పంపింది. అక్కడ ఇంకో డాక్టరు చిన్న తెల్ల మాత్ర ఒకటి రాశాడు. చీటీ మీద ఆ గది పేరేమిటో టైలరమ్మ చదివి చెప్పింది. నాకు నచ్చలేదు. ఆ మాత్ర సంగతి నేను చూసుకుంటాను.

వాళ్ళ ఇంట్లో ఇలా ఎవరికైనా ఉండేదా అని అక్కడా అడిగారు. మీ కొడుకు మళ్ళీ అదే మాట, కడుపునొప్పి అన్నాడు. మీకేమైనా తెలిస్తే రాయండి.

బాయిలరమ్మ, తన గుర్తు

*

బడి వెనక ఇల్లు

వదినగారికి,

మీ ఉత్తరం చదివిన వెంటనే రాస్తున్నాను.

మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను, వాడిని ఆ గదికి మళ్ళీ పంపకండి. ఒకసారి ఆ విభాగం కాగితాల్లోకి పేరెక్కితే ఇక అది పోదు. షాపులో తెలుస్తుంది, వీధిలో తెలుస్తుంది. పుండు వచ్చి నీరసపడ్డాడు, అంతే. నెల రోజులు పాలూ పళ్ళూ తీసుకుంటే లేచి తిరుగుతాడు. ఆ మాత్ర సంగతి మీరు చూసుకుంటానన్నారు. మీరు లోకం చూసినవారు, మీకు నేను చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో అలాంటిది ఎవరికీ లేదు. వాళ్ళ నాన్నగారు నిదానస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అన్నవారు కారు. కడుపునొప్పి తాళలేకపోయారు. అది తప్ప మరేమీ లేదు. డాక్టర్లకి అలాగే చెప్పండి.

నేను రావాలని ఉంది. కానీ నన్ను చూస్తే వాడు ఇంకా దిగులు పడతాడేమోనని ఆగుతున్నాను.

మీ వదిన

*

పెద్దాసుపత్రి, రెండో అంతస్తు వరండా
వానలు ముదిరాక

పంతులమ్మగారికి,

వదినగారూ అని పిలవడానికి ఈ రోజు నోరు రావడం లేదు. టైలరమ్మ కుట్టుపని పక్కన పెట్టి నాతో వచ్చి బల్ల మీద కూర్చుని రాస్తోంది.

నిన్న మళ్ళీ నల్ల మరక. ఈసారి దుప్పటి మీద కాదు, ప్యాంటు మీద. తనే ఉతికి ఆరేసుకున్నాడు నాకు తెలీకుండా. సరిగ్గా ఉతకలేదు గనక తెలిసింది. మానిన పుండు మళ్ళీ తెరుచుకుందట. జేబులు వెతికితే తలనొప్పి మాత్రల ఖాళీ అట్టలు ఆరు దొరికాయి.

ఇది మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. రక్తం ఎక్కుతుండగా నా కూతురు అతని చెయ్యి పట్టుకుని, ఎందుకిలా చేసుకుంటున్నావని అడిగింది. దానికి మీ కొడుకు అన్నది ఇది: "మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ఎలా ముగుస్తుందో నాకు తెలుసు. నువ్వు ఏడవకు." నీళ్ళు అయిపోయాయి, పట్టుకురా అన్నంత మామూలుగా అన్నాడు. నా కూతురు వరండాలోకి వచ్చి నా భుజం కొరికి ఏడ్చింది, లోపలికి వినపడకుండా.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. కడుపునొప్పి తాళలేక మీ ఆయన ఏం చేశారు?

లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళున్నాను. కడుపు జబ్బుతో పోయినవాళ్ళ దుప్పట్లు కడుపు వార్డు నుంచి వచ్చేవి. తాళలేక పోయినవాళ్ళవి వార్డు నుంచి రావు, బయటి శవాల గది నుంచి వస్తాయి. మేం ఆడవాళ్ళం ఎవరం ఏమీ అనుకోకుండా వాటిని బాయిలర్లో వేసేవాళ్ళం. పేపర్లో మర్నాడు అందరికీ కడుపునొప్పే. ఇంతమందికి ఇంత కడుపునొప్పేమిటని ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. ఈ రోజు అడుగుతున్నాను.

మీరు ఊరుకుంటే నేనే అక్కడికి వస్తాను. మీ వీధిలో నిలబడి అడుగుతాను. నా గొంతు ఎలా ఉంటుందో మీకు పెళ్ళిలోనే తెలిసింది.

బాయిలరమ్మ, తన గుర్తు

(నాకు తెలిసి ఈవిడ అన్నంత పనీ చేస్తుంది. త్వరగా రాయండమ్మా. — టైలరమ్మ)

*

బడి వెనక ఇల్లు

వదినగారికి,

మీరు రానక్కర్లేదు. రాస్తున్నాను.

ఆయన సర్వే ఆఫీసులో కొలతలు తీసేవారు. గొలుసు పట్టుకుని రోజుకి ఎన్నో మైళ్ళు నడిచే మనిషి. ఆ చివరి రెండేళ్ళు, ఇంటి నుంచి వీధి మలుపు దాకా నడవడానికే ఆగి ఆగి వెళ్ళేవారు. కడుపునొప్పి అబద్ధం కాదు వదినగారూ. అది నిజంగా ఉండేది. అన్నం ముందు కూర్చుని పొట్ట పట్టుకుని వంగిపోయేవారు. ముగ్గురు డాక్టర్లకి చూపించాను. పొడులిచ్చారు, సీసాలిచ్చారు. కొన్నాళ్ళు తగ్గేది. ముగ్గురిలో ఒక్కరూ నిద్ర పడుతోందా అని అడగలేదు. నేనూ అడగలేదు. రాత్రిళ్ళు ఆయన పక్కన మెలకువగా ఉన్నారని తెలిసి కూడా, పొద్దున్నే బడికి వెళ్ళాలి గనక అటు తిరిగి పడుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున నేను జడ వేసుకుంటుంటే వచ్చి నిలబడి, "నాకేదీ బాగా అనిపించటం లేదే" అన్నారు. ఏది బాగాలేదు అని అడిగి ఉండాల్సింది. "పాలు కాచి ఉంచాను, తాగండి, తగ్గుతుంది" అన్నాను. తాగారు కూడా. గ్లాసు కడిగి బోర్లించి పెట్టారు. ఆ మధ్యాహ్నం నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్తుండగా బడి వాకిట్లోకి మనుషులొచ్చారు. ఆయన తనంతట తాను పోయారు. ఎలాగన్నది రాయను, అడగకండి.

వచ్చిన పోలీసాయన పెద్దవాడు. నా మొహం చూసి, "కడుపునొప్పి ఉండేదా అమ్మా?" అన్నారు. ఉండేదన్నాను. ఆయన రాసుకున్నారు. పేపర్లోనూ అదే వేశారు. ఆ మాటకి నేనెంత రుణపడ్డానో మీకు చెప్పలేను. దాన్ని పట్టుకునే బిడ్డను పెంచాను. పదకొండేళ్ళవాడికి, నాన్న కడుపునొప్పితో పోయారని చెప్పాను. చుట్టాలకీ అదే చెప్పాను. చెప్పి చెప్పి, ఇరవై తొమ్మిదేళ్ళకి నేనూ దాదాపు నమ్మాను.

అయినా వాడు కడుపునొప్పి అన్నప్పుడల్లా నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చేది. మొన్న అల్సర్ అని కోడలు ఫోన్ చేస్తే వెంటనే కారం అన్నాను. మీరు నన్ను గయ్యాళి అనుకున్నారు. కారమైతే మాన్పించవచ్చు వదినగారూ. అందుకని కారం కావాలనుకున్నాను.

ఆ మాత్ర వద్దన్నది కూడా నేనే. నా మాట విని మీరేం చేశారో తెలియదు. తెలుసుకోవాలంటే భయంగా ఉంది.

మీ వదిన

*

పెద్దాసుపత్రి వరండా

వదినగారికి,

టైలరమ్మ మీ ఉత్తరం చదువుతూ రెండుచోట్ల ఆగింది. నేను ఆగమనలేదు, తనే ఆగింది. మిమ్మల్ని ఏమీ అనను. వీధిలోకి వచ్చి అరుస్తానన్నందుకు సిగ్గుపడుతున్నాను. ఇది రాయమని మరీ చెప్పి రాయించాను.

ఇక నా వంతు. ఇప్పటిదాకా నేను చెప్పినదంతా మీ మీద కేసు. ఇది నా మీద.

ఆ చిన్న తెల్ల మాత్ర నేను ఇవ్వలేదు. కూతురు ఆరింటికే వెళ్ళిపోతుంది గనక మాత్రలు ఇచ్చేది నేను. నాకు అక్షరాలు రాకపోయినా మాత్రల రంగులూ ఆకారాలూ తప్పవు. పొద్దున గుళిక, మధ్యాహ్నం గులాబీ రంగుది, భోజనమయ్యాక పొడుగుది. ఈ తెల్లది మాత్రం తీసి నా పాత లాండ్రీ కోటు జేబులో వేశాను. నలభై రోజులు దగ్గర దగ్గర. మీ ఉత్తరం రాకముందే మొదలుపెట్టాను, కాబట్టి ఆ నేరం మీది అనుకోకండి. మీ ఉత్తరం వచ్చాక నేను చేసింది సరేననుకున్నాను, అంతే మీ వాటా.

ఎందుకు చేశానో చెప్తాను. లాండ్రీలో ఒక్కో వార్డు గుడ్డకి ఒక్కో రంగు దారం కుట్టి ఉండేది. పిల్లల వార్డుకి నీలం, కాన్పుల వార్డుకి ఎరుపు. మనసు బాగాలేనివాళ్ళ వార్డుకి ఆకుపచ్చ. ఆకుపచ్చ మూటలు మేం అన్నిటికంటే చివర్న, విడిగా వేసేవాళ్ళం. ఎవరూ అలా వేయమనలేదు. అంటుకునే జబ్బు కాదని సూపర్వైజరు రెండుసార్లు చెప్పాడు కూడా. అయినా మా చేతులు ఒప్పుకునేవి కావు. వాటిని ముట్టుకున్నాక నేను మోచేతుల దాకా కడుక్కునేదాన్ని. చీటీ మీద ఆ గది పేరు వినగానే మళ్ళీ చేతులు కడుక్కోవాలనిపించింది, మా ఇంట్లో, మా అల్లుడి విషయంలో. అందుకని ఆ మాత్రని తీసి విడిగా పెట్టాను.

రక్తం చూస్తే నేను పరిగెత్తాను. ఈ జబ్బుకి మరక పడదు వదినగారూ. ఒక చేతిలో మేజోడు పట్టుకుని కూర్చున్న మనిషిని ఉతికిన దుప్పటిలా చూశాను, ఏమీ లేదనుకున్నాను.

ఈ పొద్దున కోటు తీసుకెళ్ళి జేబు డాక్టరమ్మ బల్ల మీద బోర్లించాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. రాత్రంతా డ్యూటీలో ఉందట. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది, పిల్లకి చెప్పినట్టు కాదు, కలిసి పనిచేసే మనిషికి చెప్పినట్టు. మనసు కుంగినవాడికి నిద్ర ఉండదు, వేళకి తినడు, చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది, దానికి మాత్రలు మింగుతాడు, పుండు మానదు, మానినా తెరుచుకుంటుంది. పుండు నొప్పి నెలల తరబడి ఉంటే మనసు ఇంకా కుంగుతుంది. "రెండూ ఒకదాన్నొకటి మేపుకుంటున్నాయమ్మా. మేం కడుపు ఒక్కటే చూసి ఇంటికి పంపిస్తే రెండోది మళ్ళీ ఇక్కడికే తీసుకొస్తుంది" అంది. పుండు ఉన్న ప్రతివాడికీ ఇలా ఉండదట, దిగులు పడ్డ ప్రతివాడికీ పుండు రాదట. ఇతనికి రెండూ ఉన్నాయట. ఆ తెల్ల మాత్రల్లో కొన్ని రకాలు రక్తం కారడాన్ని కొంచెం పెంచుతాయట. అందుకని ఈసారి వేరే రకం చూసి ఇస్తారట, కడుపు మాత్ర తోడు లేకుండా వెయ్యొద్దంది.

వాళ్ళ నాన్న సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. అది నా నోటితో చెప్పే మాట కాదు. మీరు రండి. ముందు మీ కొడుక్కి చెప్పండి, తర్వాత డాక్టరమ్మకి. మిమ్మల్ని చూసి దిగులు పడతాడని ఆగానన్నారు. పడనివ్వండి. ఇద్దరూ కలిసి పడండి.

బాయిలరమ్మ, తన గుర్తు

*

బడి వెనక ఇల్లు

వదినగారికి,

గురువారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. బస్టాండుకి ఎవరూ రావద్దు, నడిచి వస్తాను, నడుస్తూ మాటలు కూడదీసుకోవాలి. ఇరవై తొమ్మిదేళ్ళు దాచిన తల్లిని వాడు ఏమంటాడో అన్నది ఒక్కటే భయం. అననివ్వండి.

మీరు గదిలో ఉండండి. నేను మధ్యలో ఆగిపోతే తొయ్యండి.

మీ వదిన

*

పెద్దాసుపత్రి, రెండో అంతస్తు
గురువారం మధ్యాహ్నం

డాక్టరమ్మగారికి,

నా అల్లుడి కేసు కాగితాల్లో పెట్టమని ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. మీరు రౌండ్లలో తిరుగుతూ రెండుసార్లు తొంగి చూసి వెళ్ళిపోయారు. మా మాటలు అవుతున్నాయని ఊరుకున్నందుకు మీకు దండం. ఆ మాటలేమిటో మీకు తెలియాలి.

అతని తండ్రి తనంతట తాను పోయాడు. కడుపునొప్పి ఉన్నమాట నిజం. దాని వెనక రెండేళ్ళ దిగులు కూడా నిజం. దాన్ని ఎవరూ చూడలేదు. వివరం ఆయన భార్యే, అంటే మా వియ్యపురాలే, మీకు నోటితో చెబుతుంది. వచ్చింది, వరండాలో ఉంది.

ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పిల్లలకి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టింది. రెండు వాక్యాలకి ఆగిపోయింది. నేను తొయ్యలేదు. తొయ్యాల్సిన పని పడలేదు. అల్లుడే అన్నాడు:

"నాకు తెలుసమ్మా."

ఎప్పటి నుంచి అంది ఆవిడ.

"ఆ వారమే. బడిలో పక్కవాడు చెప్పాడు."

"మరి నన్ను అడగలేదేరా?"

"నువ్వు కడుపునొప్పి అన్నావు. నీకు అలా ఉంటేనే బాగుందనుకున్నాను."

పదకొండేళ్ళవాడు తల్లి కోసం ఊరుకున్నాడు, ఆవిడ వాడి కోసం ఊరుకుంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద భోంచేస్తూ. తర్వాత అతను ఇంకో మాట అన్నాడు, అది మీరు జాగ్రత్తగా రాసుకోవాలి. మొదటిసారి కడుపులో మంట పుట్టిన రోజు నుంచి, నాన్న దారి మొదలైంది, ఇక నా రోజు ఎప్పుడా అని చూస్తున్నానన్నాడు. నాన్న కడుపుకి మందు వేసుకున్నా ఆగలేదు కదా, నాకు మాత్రం ఎందుకు ఆగుతుందన్నాడు. పుండు మానిందని మీరు చెప్పిన రోజు కూడా అతనికి సంతోషం కలగలేదట. మానితే మాత్రం ఏమిటి, అసలుది అలాగే ఉంది కదా అనుకున్నాడట.

అప్పుడు వాళ్ళమ్మ అంది: "మీ నాన్న కడుపుకే మందు వేశాంరా. రెండోదానికి ఎవరం వెయ్యలేదు. వేసి ఉంటే ఏమయ్యేదో మనకి తెలీదు." ఇంత పెద్ద పంతులమ్మ తెలీదు అనడం నేను మొదటిసారి విన్నాను. అల్లుడు ఆవిడ వైపు తిరిగాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. "బస్సులో సీటు దొరికిందా?" అని అడిగాడు. దొరికిందంది. అంతే, ఇద్దరూ ఊరుకున్నారు. అయినా ఆ ఊరుకోవడం మునుపటిలాంటిది కాదు. నాకు చదువు రాదు గానీ ఆ తేడా తెలుస్తుంది.

మాత్ర దాచింది నేనని కూడా అప్పుడే అతనికి చెప్పాను. "నాకు కూడా వేసుకోవాలని ఉండేది కాదులెండి" అన్నాడు. అలా అని నన్ను వదిలేయకండి. తప్పు నాదే అని రాసుకోండి.

నేను మిమ్మల్ని అడిగేవి ఇవి. పుండు మానిందని కాగితం ఇచ్చి పంపేయకండి. ఆ రెండో గది డాక్టరుని ఇక్కడికే పిలవండి, ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకోండి. నిద్ర పడుతోందా, బతకడం బరువుగా ఉందా అని వచ్చినప్పుడల్లా అడగండి. అతను కొంచెం అంటే కొంచెమని వదిలేయకండి, మళ్ళీ అడగండి. ఇంట్లో మేమూ అడుగుతాం. ఎలా అడగాలో మాకు రాదు, నేర్పండి. ఒంటరిగా ఉంచొద్దని మీ నర్సు చెప్పింది. వంతులు వేసుకున్నాం. పొద్దున నేను, మధ్యాహ్నం వియ్యపురాలు, సాయంత్రం కూతురు. వియ్యపురాలు ఇక్కడే ఉంటుంది, మా ఇంట్లో. కారం తక్కువ వేస్తాను అని ఒప్పుకున్నాను. అది మందు కోసం కాదు, ఆవిడ కోసం.

నాకు అలసటగా ఉంది డాక్టరమ్మా. కేకలు వేయడం తేలిక, ఊరికే పక్కన కూర్చోవడం చేతకాదు నాకు. నేర్చుకుంటాను.

చివర్లో "అల్లుడికి తగ్గిపోతుంది" అని రాయమన్నాను. అతను మంచం మీంచి వద్దన్నాడు. మరేం రాయాలో నువ్వే రాయవయ్యా అన్నాను. సాక్షుల కింద తన వంతు వచ్చినప్పుడు రాస్తానన్నాడు.

బాయిలరమ్మ, తన గుర్తు: సున్నా, లోపల చుక్క

సాక్షులు:

టైలరమ్మ. చెప్పింది చెప్పినట్టు రాశాను. నా సొంత మాట ఒక్కటీ కలపలేదు.

పంతులమ్మ, పేషెంటు తల్లి. తండ్రి గురించి పైన ఉన్నది నిజం. దాచినది నేను.

భార్య. షిఫ్టు మధ్యలో వచ్చి సంతకం పెడుతున్నాను.

పేషెంటు. అంతా చదివాను. మాత్ర విషయంలో అత్తయ్యగారిది ఒక్కరిదే తప్పని రాయించారు, అది నేను ఒప్పుకోవడం లేదు. రేపటి గురించి రాయమంటే రాయలేను. ఈ పూట రెండు మాత్రలూ నేనే అడిగి వేసుకున్నాను.